గ్రూప్ ప్రాజెక్టులో "చూద్దాం" అన్న మాట తెచ్చే చేటు

ప్రశ్న: మా నలుగురి బ్యాచ్‌లో కోడింగ్ నాకొక్కడికే వచ్చు. మిగతా ముగ్గురూ గైడ్‌కు ఏవేవో మాటిచ్చి వచ్చి, అన్నీ రివ్యూ నాటికి కావాలంటున్నారు. ఎలా నెగ్గుకురావాలి?

మీ బ్యాచ్‌వాళ్ళను తిట్టుకోవడం కాసేపు ఆపి, వాళ్ళు అడిగిన ప్రతిసారీ మీరేమని బదులిచ్చారో గుర్తు చేసుకోండి. అది "చూద్దాం" అయి ఉంటుందని నా గట్టి నమ్మకం. మన ఇళ్ళలో పెళ్ళి సంబంధం నచ్చకపోయినా, చేబదులు ఇవ్వడం ఇష్టం లేకపోయినా పెద్దవాళ్ళు "చూద్దాం లెండి" అంటారు. విన్నవాళ్ళు కుదరదని గ్రహించి కాఫీ తాగి వెళ్ళిపోతారు. ప్రాజెక్ట్ బ్యాచ్‌లో మాత్రం అదే మాట "సరే" అని వినపడుతుంది.

2022లో నేను గుంటూరు వైపు ఒక కళాశాలలో బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నప్పుడు, ముఖం చూసి హాజరు వేసే సాఫ్ట్‌వేర్ మా ప్రాజెక్ట్. ఇదే ప్రాజెక్టును అమీర్‌పేటలో డబ్బు కట్టి తెచ్చుకున్న బ్యాచ్‌కు మాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయన్నది వేరే కడుపుమంట. నేను పైథాన్‌లో, ఫొటోలతో పనిచేయడానికి వాడే ఓపెన్‌సీవీ లైబ్రరీతో రాశాను. ముఖం ఎక్కడుందో పట్టడానికి హార్ కాస్కేడ్, అది ఎవరిదో చెప్పడానికి ఎల్‌బీపీహెచ్ వాడాను. ఈ రెండోది మామూలు ఓపెన్‌సీవీలో దొరకదని, దాని అదనపు హంగులుండే కంట్రిబ్ ప్యాకేజీ వేసుకోవాలని తెలిసేసరికే రెండు రాత్రులు పోయాయి. తెల్లవారాక తెర మీద కొత్తగా కనిపించేదేమీ లేదు కనుక ఆ రెండు రాత్రులు మావాళ్ళ లెక్కలోకి రాలేదు.

మొదటి రివ్యూలో మా బ్యాచ్ మాటకారి గైడ్ ముందు నిలబడి, తరగతి గుమ్మం దగ్గర ఒక్క ఫొటో తీస్తే అరవై మందికీ హాజరు పడుతుందని, మాస్కు ఉన్నా గుర్తుపడుతుందని, రానివాళ్ళ తల్లిదండ్రులకు సాయంత్రంలోగా ఎస్సెమ్మెస్ వెళ్తుందని చెప్పేశాడు. గైడ్ నా వైపు తిరిగి "ఏమ్మా, అవుతుందా?" అని అడిగారు. నేను "చూద్దాం సార్" అన్నాను. ఆయన మూడింటినీ రివ్యూ షీటులో రాసుకున్నారు.

ఎస్సెమ్మెస్ రెండు లైన్ల పనే కదా అని మావాడి వాదన. లైన్లు రెండే కావచ్చు గానీ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం అలాంటి సందేశాలు పంపే సంస్థ డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు వేదికలో నమోదై, పంపేవారి పేరుకూ సందేశం నమూనాకూ అనుమతి తెచ్చుకోవాలి. అది హాస్టల్ గదిలో కూర్చుని నేను చేయగలిగిన పని కాదు. మాస్కు సంగతి అంతకంటే తేలిక: ముక్కూ నోరూ కనిపించకపోతే హార్ కాస్కేడ్ చాలాసార్లు అక్కడ ముఖమే లేదంటుంది. ఈ రెండు వాక్యాలూ ఆ రోజు గైడ్ గదిలోనే అనవలసింది. పది రోజుల తరువాత, కళ్ళ కింద నలుపుతో చెప్పినప్పుడు అవి సాకుల్లా వినిపించాయి.

రెండో రివ్యూ తరగతి గదిలోనే జరిగింది. సాఫ్ట్‌వేర్‌కు ముఖాలు నేర్పడానికి నేను సేకరించినవి హాస్టల్ ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలు. ఎల్‌బీపీహెచ్ ప్రతి పిక్సెల్‌ను చుట్టూ ఉన్న ఎనిమిదింటితో పోల్చుకుంటుంది కనుక వెలుగు మొత్తంగా పెరిగినా తగ్గినా ఓర్చుకుంటుంది గానీ, కిటికీ వెలుగు ఒక చెంప మీదే పడి రెండో చెంప నీడలోకి పోతే తికమకపడుతుంది. మాటకారి కెమెరా ముందుకు రాగానే తెర మీద నా పేరు పడింది. గది గొల్లుమంది. వాడికి అవమానమైందని తరువాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నా కోడ్ నన్నూ వాణ్ణీ ఒకటి చేసినందుకు నాకు ఏమనిపించిందో ఎవరూ అడగలేదు.

నేను చేసిన అసలు తప్పు ఇంకొకటుంది. ఎల్‌బీపీహెచ్ ఇచ్చే "కాన్ఫిడెన్స్" నిజానికి దూరం. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి పోలిక. తెర మీద 38 చూసి, నమ్మకం ముప్పై ఎనిమిది శాతమే ఉందని, పీపీటీ కోసం పెంచమని మావాళ్ళు పట్టుబట్టారు. అర్ధరాత్రి వాళ్ళకు వివరించే ఓపిక లేక, వందలోంచి ఆ అంకెను తీసేసి 62 శాతం అని చూపించాను. అందరూ సంతోషించారు. మీరు కూడా ఇప్పటికే ఇలాంటిదేదో చేసి ఉంటే, ఈ రాత్రే తీసేయండి. రివ్యూ షీటు కాపీ తెచ్చుకుని, అందులో కాని పనుల పక్కన ఎందుకు కాదో ఒక్కో వాక్యం రాసి, బ్యాచ్ కంటే ముందు గైడ్‌కు చూపించండి. పగటి వెలుగులో ఫొటోలు తీయడం, ఎక్కడ తప్పుతోందో లెక్క రాయడం మీ బ్యాచ్ మాటకారికి అప్పగించండి. సాయంత్రానికల్లా అతనికే విసుగు పుట్టి కొత్త కోరికలు తగ్గుతాయి.

మా వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చిన మేడమ్ ఆ శాతం ఎలా లెక్కగట్టారని అడిగారు. ముగ్గురూ నా వైపు చూశారు. వందలోంచి దూరాన్ని తీసేశామని ఒప్పుకున్నాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మరి దూరం నూట ముప్పై వస్తే మీ సాఫ్ట్‌వేర్‌కు నమ్మకం మైనస్ ముప్పై శాతమా?" అని అడిగారు. మావాడు, ఎంత మాటకారి అయినా, అప్పుడు మాత్రం "చూద్దాం మేడమ్" అన్నాడు.