విక్‌హామ్ కథ విక్‌హామే చెబితే

మీరు రెండు సంగతులు అడిగారు. పేరున్న ప్రేమ నవలలను అందులోని మనసు దోచే ప్రతినాయకుడి నోట చెప్పించవచ్చా అన్నది ఒకటి. అలా చెప్పిస్తే అతని తప్పులను వెనకేసుకొచ్చినట్లు అవదా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు సూటిగా చెబుతాను: చెప్పించవచ్చు, ఇంకా చాలామంది ఆ పని చేయాలి. రెండోదానికి కాస్త వివరంగా చెప్పాలి.

నేను బెంగళూరులో ఉంటాను. కబ్బన్ పార్కులో, సెంట్రల్ లైబ్రరీ ఎర్ర భవనానికి ఇవతల, ఆదివారం పొద్దున కొందరు తెలుగువాళ్లం చేరి చదివినవీ రాసినవీ ఒకరికొకరు వినిపించుకుంటాం. గుంటూరు, కర్నూలు, వరంగల్ నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లం కొందరం, తాతల కాలం నుంచీ ఈ ఊళ్లోనే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలవాళ్లు కొందరు. జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ (1813) లోని జార్జ్ విక్‌హామ్ చేత అతని కథ చెప్పిస్తూ నేను రాసిన అధ్యాయాలను అక్కడే చదివాను. వాళ్లు విన్న తీరు, అడ్డుపడిన తీరు నాకు చాలా నేర్పాయి.

నవల చదవనివారి కోసం రెండు ముక్కలు. విక్‌హామ్ సైనిక దళంలో కొత్తగా చేరిన అందగాడు, మాటకారి. పరిచయమైన మర్నాడే కథానాయిక ఎలిజబెత్‌తో తన గోడు చెప్పుకుంటాడు: పెంబర్లీ ఎస్టేటు యజమాని పెద్ద డార్సీ తనను కన్నకొడుకులా చూశారని, తనకు ఒక చర్చి ఉద్యోగం ఇవ్వమని చెప్పి పోయారని, ఆయన కొడుకు, కథానాయకుడు డార్సీ దాన్ని ఇవ్వకుండా తన బతుకు పాడుచేశాడని. ఎలిజబెత్ నమ్మేస్తుంది. మొదటిసారి చదివే పాఠకులూ నమ్మేస్తారు.

ఆ సాయంత్రం అతను చెప్పినదాంట్లో చాలావరకు నిజమే. అతని తండ్రి పెంబర్లీ ఎస్టేటు వ్యవహారాలు చూసిన ఉద్యోగి. పెద్ద డార్సీ ఈ కుర్రవాడికి జ్ఞానపిత (గాడ్‌ఫాదర్). బడిలోనూ కేంబ్రిడ్జిలోనూ చదివించింది ఆయనే. ఉద్యోగం ఇవ్వమని సిఫారసు చేసిన మాటా నిజం, డార్సీ ఇవ్వని మాటా నిజం. అతను చెప్పకుండా వదిలేసినది ఇది: వీలునామా ప్రకారం 1,000 పౌండ్లు ముట్టాయి. తరువాత తనంతట తానే మతగురువు పని వద్దని, న్యాయశాస్త్రం చదువుతానని ఉత్తరం రాసి, ఆ ఉద్యోగం మీద హక్కు వదులుకున్నందుకు మరో 3,000 పౌండ్లు పుచ్చుకున్నాడు. ఆ డబ్బు కరిగిపోయాక, మూడేళ్లకు ఆ ఉద్యోగం ఖాళీ కాగానే మళ్లీ చేయి చాచాడు. అయిదుగురు ఆడపిల్లలున్న ఎలిజబెత్ కుటుంబానికి ఏడాది ఆదాయం 2,000 పౌండ్లు. అంటే ఆ ఇల్లంతా రెండేళ్లు బతికే సొమ్ము ఈ ఒక్కడి చేతిలోంచి జారిపోయింది.

ఈ లెక్క నేను వేసింది కాదు. మా బృందంలో కోలారు వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉన్నారు. బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. నేను మొదటి అధ్యాయం చదవగానే ఆవిడ నా చేతిలోంచి కాగితం తీసుకుని వెనక్కి తిప్పి నిలువుగా గీత గీశారు. “వాడికి ముట్టినదంతా ఈ పక్కన రాయమ్మా, వాడు చెప్పుకున్నదంతా ఆ పక్కన రాయి. ఇంత చక్కగా మాట్లాడేవాళ్లను నా కౌంటరు అవతల చాలామందిని చూశాను. ఒక్క అబద్ధం ఆడరు. ఒక్క కాగితం మాత్రం ఇంట్లో మరిచిపోయి వస్తారు” అన్నారు.

అప్పటినుంచి ఏ ప్రతినాయకుడి కథ తీసుకున్నా నేను ముందుగా వెతికేది ఆ కాగితాన్నే. మీరూ అక్కడినుంచే మొదలు పెట్టండి. మూల నవలలో జరిగిన సంఘటనలను, తేదీలను, డబ్బు లెక్కలను, ఉత్తరాలను ఒక్కటి కూడా మార్చకండి. అసలు అతను మంచివాడే, నాయకుడే దుర్మార్గుడు అని కథను తలకిందులు చేయడం చాలా సులువు. అలా చేసిన క్షణంలోనే ఆ మనిషిలోని ఆకర్షణ కూడా పోతుంది. ఏమి చెబుతాడు, ఎంతసేపు చెబుతాడు, ఏది దాటవేస్తాడు అన్నవి మాత్రమే మీ చేతిలో ఉండాలి.

అలాగని అతని బాధను తూతూమంత్రంగా రాయవద్దు. విక్‌హామ్‌కు నిజమైన గాయం ఉంది. ఒకే ఇంటి ఆవరణలో, ఒకే పెద్దమనిషి ఆప్యాయత పంచుకుంటూ ఇద్దరు పిల్లలు పెరిగారు. వారిలో ఒకరు ఆ ఇంటికి వారసుడయ్యాడు, ఇంకొకరు ఉద్యోగి కొడుకుగా మిగిలిపోయాడు. నా రాతలో అతని చేత ఇలా చెప్పించాను: “పెద్దాయన నన్ను తన గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని పొలాలన్నీ తిప్పేవారు. మా నాన్న లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని వెనకాల నడిచి వచ్చేవాడు. నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ని కాదు.” ఈ గుర్రం, ఈ పుస్తకం ఆస్టెన్ రాయలేదు, నేను కల్పించుకున్నాను. మూలంలో ఉన్న సంబంధానికి అవి అడ్డురావు కనుక ఆ స్వేచ్ఛ తీసుకున్నాను. విన్నవాళ్లకు అతని మీద జాలి కలగాలనే రాశాను. కలిగింది కూడా.

ఆ తరువాత రాంస్‌గేట్. ఇదే అసలు పరీక్ష. డార్సీ చెల్లెలు జార్జియానాకు అప్పుడు పదిహేనేళ్లు, ఆమె పేరు మీద ఉన్న ఆస్తి 30,000 పౌండ్లు. ఆమెను చూసుకోవలసిన మిసెస్ యంగ్ సాయంతో విక్‌హామ్ ఆ సముద్రతీరపు ఊరికి చేరి, తనతో లేచిపోవడానికి ఆమెను ఒప్పిస్తాడు. అన్న అనుకోకుండా రావడంతో ఆమె అంతా చెప్పేస్తుంది, ప్రయత్నం భగ్నమవుతుంది. ఈ అధ్యాయాన్ని అతని నోట రాసేటప్పుడు సముద్రపు గాలి, చిన్నప్పుడు తన వెంట తిరిగిన పాప పెద్దదైన వైనం, ఆమె తనను ప్రేమించిందన్న మాట, అన్నీ చెప్పనిచ్చాను. ఆమెకు తన మీద ప్రేమ కలిగిన మాట నవలలోనూ ఉంది. ముప్పై వేలు అన్న అంకెను మాత్రం ఒక్కసారి కూడా పలకనివ్వలేదు.

అది రెండు అధ్యాయాల తరువాత వచ్చింది. మెరిటన్‌లో (ఎలిజబెత్ ఇంటికి దగ్గరి ఊరు) మేరీ కింగ్ అనే అమ్మాయికి తాతగారి ఆస్తి 10,000 పౌండ్లు కలిసివస్తుంది; అప్పటివరకు ఎలిజబెత్ చుట్టూ తిరిగిన విక్‌హామ్ వెంటనే అటు మళ్లుతాడు. నా విక్‌హామ్ ఆమె గురించి చెబుతూ, “మంచి పిల్లే. మూడో వంతు” అని మాట మారుస్తాడు. దేనిలో మూడో వంతో చెప్పడు. పచ్చికలో కూర్చున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురికి వెంటనే తట్టలేదు. అక్క మాత్రం చటుక్కున, “చూశారా, ఆ పసిపిల్ల దగ్గర కూడా వాడు లెక్కే వేసుకున్నాడు” అన్నారు. నేను చేరాలనుకున్న చోటు అదే. మూడో మనిషి వచ్చి తీర్పు చెప్పకుండానే, అతని సొంత గొంతులోంచి ఆ పిల్లకు జరగబోయిన అన్యాయం బయటపడాలి.

మీ రెండో ప్రశ్నను అక్కడ ఒక కుర్రవాడు ఇంకా గట్టిగా అడిగాడు. “అక్కా, ఇంత అందంగా మాట్లాడిస్తే చదివేవాళ్లు వాడినే ఇష్టపడరా? ఎలిజబెత్ చెల్లెలు లిడియాను కూడా అలాగే కదా తీసుకుపోయాడు?” భయపడవలసిన విషయమే. ఆ భయం చాలా పాతది. శామ్యూల్ రిచర్డ్‌సన్ ‘క్లారిస్సా’ (1748) ఉత్తరాల రూపంలో నడిచే పెద్ద నవల. అందులో లవ్‌లేస్ రాసే ఉత్తరాలు ఎంత చమత్కారంగా ఉంటాయంటే, కథానాయికను మోసగించి బలాత్కరించిన ఆ మనిషినే పాఠకులు అభిమానించారు. రచయిత కలవరపడి, తరువాతి ముద్రణల్లో లవ్‌లేస్ దుర్మార్గం స్పష్టంగా తెలిసేలా మార్పులు చేశారు, అధోజ్ఞాపికలు చేర్చారు.

నా ఉద్దేశంలో ఆ చేర్పులు అక్కరలేదు. కావలసింది మొదటి ముద్రణలోనే ఉంది. పేజీలకు పేజీలు రాసే లవ్‌లేస్, ఆ అత్యాచారం జరిగిన తరువాత స్నేహితుడికి రాసిన ఉత్తరం రెండు మూడు వాక్యాలే. ఇక ముందుకు రాయలేనని, పని అయిపోయిందని, ఆమె బతికే ఉందని చెప్పి ఆపేస్తాడు. మాటే ఆయుధంగా బతికినవాడికి మాట కరువైన చోటు అది. దాన్ని చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మీ ప్రతినాయకుడు ఎక్కడ పొడిపొడిగా మాట్లాడాలో ముందే తేల్చుకోండి. మిగతా అధ్యాయాలన్నీ అతను ఎంత గలగలా మాట్లాడినా ఫరవాలేదు.

‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ (1811) 44వ అధ్యాయం కూడా తప్పక చూడండి. అక్కడ ఆస్టెన్ స్వయంగా విలబీకి తన వైపు కథ చెప్పుకునే అవకాశమిచ్చారు. తను ప్రేమించి వదిలేసిన మేరియాన్ ప్రాణాపాయంలో ఉందని విని పరుగున వచ్చి, ఆమె అక్క ఎలినార్ ముందు అంతా చెప్పుకుంటాడు. 50,000 పౌండ్ల కోసం మిస్ గ్రేను ఎందుకు చేసుకున్నాడో, మేరియాన్‌కు పంపిన కఠినమైన ఉత్తరం ఎవరు రాయించారో కూడా. ఎలినార్ మెత్తబడుతుంది, మనమూ మెత్తబడతాం. అతను తల్లిని చేసి వదిలేసిన ఎలిజా అనే అమ్మాయి మాత్రం నవల మొత్తంలో ఒక్క మాట మాట్లాడదు. విలబీ వైపు నుంచి రాసేవాళ్లు ఆ మౌనాన్ని ఎక్కడ పెడతారా అని నేను ఎదురుచూస్తుంటాను.

కొందరు దీన్ని జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ (1966) తోనూ, మన ఓల్గా గారి ‘విముక్త’ కథలతోనూ కలిపి మాట్లాడతారు. అవి మూలంలో నోరు నొక్కేసిన స్త్రీలకు గొంతునిచ్చిన రచనలు. విక్‌హామ్‌కు, విలబీకి గొంతు ఎప్పుడూ ఉంది. వాళ్లకు కొత్తగా ఇచ్చేదేమీ లేదు. వాళ్ల మాటల సందులోంచి ఆ అమ్మాయిలు కనబడేలా చేయాలి. రెండూ వేర్వేరు పనులు, వేటి నియమాలు వాటివి.

తెలుగులో ఇలాంటి రాతకు సామగ్రి లేదని అనుకోకండి. నాకు అన్నిటికంటే ఆశ పుట్టించేది ‘మనుచరిత్ర’లోని గంధర్వుడు. వరూధినిని కోరి, ఆమె కాదంటే భంగపడ్డవాడు. హిమాలయాల్లో పాదలేపం కరిగి దారితప్పిన ప్రవరుణ్ని ఆమె ప్రేమించిందని, అతను తిరస్కరించి వెళ్లిపోయాడని తెలిసి, ప్రవరుడి రూపంలోనే ఆమె దగ్గరకు వస్తాడు. తనతో కూడినప్పుడు కళ్లు మూసుకోవాలని షరతు పెడతాడు. పెద్దన కవిత్వపు మత్తులో మనం దాటిపోతాం గాని, ఆగి ఆలోచిస్తే ఆ షరతులో ఎంత భయముందో చూడండి. ఆమె నోట వచ్చే ప్రతి ప్రేమమాటా ఇంకొకడికి చెందినదే. తనను కాదన్న స్త్రీని దక్కించుకున్నాడు, అయినా ఆమె ఇప్పటికీ తనను కాదంటూనే ఉంది. ఆ సంగతి అతనికి మాత్రమే తెలుసు. ఈ మనిషి తన కథ చెప్పుకుంటే దాన్ని ప్రేమ అంటాడా, గెలుపు అంటాడా? వరూధినికి మాత్రం తనను మోసగించిందెవరో తెలియకుండానే స్వరోచి పుడతాడు. దీన్ని నవలికగా రాయాలని నాకు బలంగా ఉంది. మీకు ముందు కుదిరితే మీరే రాయండి, సంతోషిస్తాను.

గిరీశం సంగతి వేరు. ‘కన్యాశుల్కం’ నాటకమే అయినా, 1909 నాటి రెండో కూర్పు తెరతీయడంతోనే అతని స్వగతం వినిపిస్తుంది. పూటకూళ్లమ్మ దగ్గర సామాను కొంటానని తీసుకున్న ఇరవై రూపాయలు ఎక్కడ ఖర్చయ్యాయో అతనే మనకు చెప్పేస్తాడు. మనకు అన్నీ తెలుసు, అయినా అతని వెంట నడుస్తాం. గురజాడ చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గిరీశం గొంతును అనుకరించబోకండి, ఆ గొంతు ఒక్కరికే సాధ్యమైంది. అతను నవ్విస్తున్న ప్రతిచోటా బుచ్చమ్మ ఎక్కడ నిలబడి ఉందో మాత్రం గుర్తుపెట్టుకుని చదవండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. నా విక్‌హామ్ కథను ఇక్కడి ఒక ఆడియో కథల సంస్థ వారు ధారావాహికగా అడిగారు. చివరి భాగంలో అతను పశ్చాత్తాపపడి ఏడవాలని, జార్జియానా వచ్చి క్షమించాలని షరతు పెట్టారు. నేను ఒప్పుకోలేదు. నవలలో డార్సీ అతని అప్పులు తీర్చి, సైన్యంలో కొత్త పదవి కొనిపెట్టి, లిడియాతో పెళ్లి జరిపించాక, విక్‌హామ్ అత్తవారింటికి అదే చిరునవ్వుతో వస్తాడు. అంతా తనకు తెలుసని ఎలిజబెత్ నాజూకుగా సూచించినప్పుడు ఆమె చేతిని ముద్దుపెట్టుకుని ఊరుకుంటాడు. ఆ చిరునవ్వును కన్నీళ్లతో కడిగేస్తే ఆ పదిహేనేళ్ల పిల్లకు న్యాయం జరగదు. ఆమె చేత క్షమింపజేసే హక్కు నాకు గాని, ఆ సంస్థకు గాని లేదు.

ఎక్కడ మొదలు పెట్టాలో తెలియడం లేదని కూడా రాశారు కదా. పొడవైన నవల మీదికి వెళ్లకుండా, ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ 15వ అధ్యాయంలో మెరిటన్ వీధి దృశ్యం తీసుకోండి. విక్‌హామ్ అప్పుడే ఎలిజబెత్‌కూ ఆమె అక్కచెల్లెళ్లకూ పరిచయమయ్యాడు. డార్సీ గుర్రం మీద వస్తాడు, ఇద్దరి చూపులూ కలుస్తాయి. ఒకరి ముఖం తెల్లబోయింది, ఇంకొకరిది ఎర్రబడింది అంటారు ఆస్టెన్. ఎవరిది ఏదో చెప్పరు. కాసేపటికి విక్‌హామ్ టోపీ అంచును తాకుతాడు, డార్సీ అయిష్టంగా బదులిస్తాడు. అంతే. రాంస్‌గేట్ వ్యవహారం జరిగి అప్పటికి కొన్ని నెలలే అయింది. ఆ అర నిమిషాన్ని విక్‌హామ్ చేత రెండు పేజీల్లో చెప్పించండి. జార్జియానా పేరు అతని నోట రాకూడదు, అయినా ఆమె అక్కడ ఉన్నట్లు చదివేవారికి తెలియాలి. రాశాక ఇక్కడే పెట్టండి. నేను చదువుతాను, మా అక్క చేత కూడా చదివిస్తాను.