సైకిల్‌కు చైన్ గైడ్ బిగించాక క్రాంకు ఎందుకు పట్టేస్తుంది?

దేవరకొండ వైపు రాళ్లబాటల్లో చైన్ ఊడుతోందని గైడ్ (చైన్ జారకుండా పట్టి ఉంచే భాగం) బిగిస్తే, క్రాంకు (పెడళ్లు తగిలించే చేయి) తిరగడం లేదని ఒకరు అడిగారు. షిమానో హాలోటెక్ 2 రకం క్రాంకు, మరలతో బిగించే బేరింగ్ కప్పులు, 73 మిల్లీమీటర్ల బాటమ్ బ్రాకెట్ గొట్టం (క్రాంకు ఇరుసు దూరే గొట్టం) ఉన్న ఫ్రేములో, చైన్ ఉండే కుడివైపు కప్పు కింద 2.5 మిల్లీమీటర్ల వాషరు ఒకటి ఉంటుంది. గైడ్ పలక మందం కూడా అంతే అయితే, పలకను ఆ వాషరు తీసేసి దాని స్థానంలోనే పెట్టాలి తప్ప అదనంగా కాదు; అదనంగా పెడితే కప్పు బయటికి జరిగి క్రాంకు పట్టేస్తుంది. 68 మిల్లీమీటర్ల గొట్టమైతే కుడివైపున్న రెండు వాషర్లలో ఒకటి తీసి అక్కడ పలక పెడితే చాలు. కుడి కప్పుకు ఎడమ మర కనుక అపసవ్య దిశలో తిప్పితేనే బిగుస్తుంది. అలవాటుకొద్దీ సవ్యంగా తిప్పి మరలు అరగదీసినవారిని చూశాను. కప్పులను మరలు లేకుండా నొక్కి దించే ప్రెస్‌ఫిట్ ఫ్రేముకు మామూలుగా ఈ పద్ధతి కుదరదు, ఇలాంటి గైడ్‌కు ఫ్రేముకే ఐఎస్‌సీజీ చెవులు (గైడ్‌ను బోల్టులతో బిగించే చోట్లు) ఉండాలి. బిగించాక చైన్ తప్పించి క్రాంకును చేత్తో తిప్పండి. పలకకు రాసుకుంటున్న చిన్న కిర్రు వినబడినా మళ్లీ విప్పాల్సిందే.