అరచెయ్యి, చెరువు నేల

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథా, గేయమూ, ఉత్తరమూ అందాయి. అలంకారాల పేర్లన్నీ పరీక్షకు బట్టీపట్టాను గానీ రాసేటప్పుడు ఒక్కటీ చేతికి రావడంలేదని బాధపడ్డావు. రాసేటప్పుడు రానక్కర్లేదమ్మా. తిద్దేటప్పుడు వాటితో పని. వాక్యం కుదరలేదని చెవికి తెలిసిపోతుంది. ఎక్కడ కుదరలేదో పట్టుకోవడానికి ఆ పేర్లు కావాలి.

నీ మొదటి పేజీలోనే చూడు: "తాత అరచెయ్యి చెరువు మాదిరి ఉంది." ఉపమకు, అంటే పోలికకు, నాలుగు భాగాలు. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం, ఇక్కడ అరచెయ్యి. దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం, చెరువు. 'మాదిరి' ఉపమావాచకం. రెండింటికీ ఉమ్మడిగా ఉండే గుణం సమానధర్మం. నీ వాక్యంలో లేనిది అదే. చెరువంటే నిండుగా ఉండొచ్చు, వెడల్పుగా ఉండొచ్చు, పాచిపట్టి ఉండొచ్చు. చదివేవాళ్ళు ఏది తీసుకోవాలి? "తాత అరచెయ్యి ఎండిన చెరువు నేల మాదిరి బీటలు వారింది" అను. నాలుగూ ఉన్నాయి కాబట్టి ఇది పూర్ణోపమ. వాటిలో ఏదైనా లోపిస్తే లుప్తోపమ. లోపించడం తప్పేమీ కాదు. 'ముత్యాల్లాంటి పళ్ళు' అంటే తెలుపూ వరసా అడగకుండానే తెలుస్తాయి. అలా తెలిసిపోయే గుణాన్నే వదిలెయ్యాలి, తెలియనిదాన్ని వదలకూడదు.

'మాదిరి' తీసేసి "అరచేతి చెరువు ఎండిపోయింది" అన్నావనుకో, అది రూపకం. ఇప్పుడు చెయ్యి చెరువులాంటిది కాదు, చెరువే. ఒకసారి అలా అన్నాక వాక్యం చివరిదాకా చెరువుగానే ఉండాలి. నువ్వు "ఆ చెరువు ఎండి రెక్కలు ముడుచుకుంది" అన్నావు. చెరువు మధ్యలో పిట్టైపోయింది. రూపకాలు ఎక్కువగా చెడేది క్రియ దగ్గరే. అందుకే రూపకం కనిపించిన ప్రతిచోటా క్రియ కింద గీత గీసి, ఆ పని ఉపమానం చెయ్యగలదా అని అడుగు. "ఆ బీటలు వానకోసం నోళ్ళు తెరిచాయేమో" అని ఊహించి చెబితే ఉత్ప్రేక్ష. ఏమో, కాబోలు, అన్నట్టు అనేవి దాని గుర్తులు. పేరాకు ఒకటి దాటితే చెప్పేవాళ్ళకే తమ మాట మీద నమ్మకం లేనట్టు అనిపిస్తుంది.

ఒకే మాటలో రెండర్థాలు పలికించే శ్లేష జోలికి ఇప్పుడే పోవద్దు. నంద్యాల ప్రభువుల ఆదరణ పొందిన పింగళి సూరన రాఘవపాండవీయంలో అవే పద్యాలను ఒకలా విరిస్తే రామకథ, ఇంకోలా విరిస్తే భారతకథ వచ్చేట్టు నడిపాడు. ఆ పనికి భాష మీద ఎంత పట్టు కావాలో ఆలోచించు.

గేయంలో ప్రాస బాగా కుదిరిందన్నావు. పాదాల చివర ఒకేలా ముగిస్తే అది అంత్యప్రాస, శబ్దాలంకారం. ఛందస్సులో వట్టి 'ప్రాస' అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు రావడం. కందానికీ ఉత్పలమాలకూ అది తప్పదు. ఆటవెలది, తేటగీతికి ఆ నియమం లేదు.

'వ్యంగ్యం' దగ్గర కూడా ఇలాగే తికమకపడ్డావు. ఇప్పటి పత్రికల్లో వ్యంగ్యమంటే ఎత్తిపొడుపు. అలంకారశాస్త్రంలో వ్యంగ్యమంటే మాట పైకి చెప్పకుండా స్ఫురింపజేసే అర్థం. నేరుగా వచ్చేది వాచ్యం. అది పొసగక పక్కకు జరిగితే లక్ష్యం. 'ఊరంతా తేరు దగ్గరే ఉంది' అంటే ఇళ్ళూ వీధులూ కాదు, జనం. వాచ్యాన్ని మించి స్ఫురించే అర్థమే ప్రధానమైతే అది ధ్వని. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్నది దాన్నే.

ఆ ధ్వని నీ మూడో పేజీలో ఉంది, నువ్వు గమనించినట్టు లేదు. "తాత వేయించిన చెనిక్కాయ ఒలిచి, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, నిండు గింజ మనవడి చేతిలో పెట్టి, ముడుచుకుపోయినదాన్ని తన నోట్లో వేసుకున్నాడు." ఒక్క పోలికా లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్ళకు కట్టడం స్వభావోక్తి, అది కూడా అలంకారమే. రసం భాషలో చెప్పాలంటే భావానికి కారణమైనది విభావం, ఇక్కడ మనవడు. ఆ భావాన్ని పైకి చూపే పని అనుభావం, ఇక్కడ గింజ ఏరి పెట్టడం. అవి రెండూ ఇంత స్పష్టంగా కనిపించాక ప్రేమ చదివేవాళ్ళ మనసులో దానంతటదే పుడుతుంది. అయినా నువ్వు వెంటనే "తాతకు మనవడంటే ఎంత ప్రేమో!" అని రాశావు. భావాన్ని పేరుపెట్టి చెప్పడం రసదోషమని ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో లెక్కగట్టాడు. ఆ వాక్యం కొట్టెయ్.

ఊదినా పోని పొట్టు అరచేతి బీటల్లో ఇరుక్కుందని అక్కడ ఒక్క మాట కలిపి చూడు. అది కుదిరితే మొదటి పేజీలో చెరువు పోలికే అవసరం పడకపోవచ్చు. రెండు రకాలుగానూ రాసి, పైకి చదివి, ఏది ఉంచావో నాకు రాయి.