ఎంపీ4 ఒక్కటే తీసుకుని రాకు, అమ్ములూ

చిరంజీవి అమ్ములుకి,

మామయ్య ఆశీస్సులు. మీ సాఫ్ట్‌వేర్‌కి వీడియో చేయించడానికి ఏజెన్సీని మాట్లాడావని, వచ్చే వారం అడ్వాన్సు కూడా ఇచ్చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ పని నలుగురికీ చూపించుకునే దాకా వచ్చిందని విని చాలా సంతోషించాను. "ఒప్పందం చదివిందా?" అని అడిగితే "ఏదో రెండు పేజీలు పంపారట" అంది. అప్పటినుంచీ మనసు మనసులో లేదు. రెండు పేజీలేంటే తల్లీ? ఫోన్లో చెబితే సగం చెవిన పడదు, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు. అడ్వాన్సు మాత్రం చదివాకే ఇవ్వు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకో. వాళ్లు పంపే షోరీల్ చూసి మురిసిపోకు, అది ముప్పై పనుల్లోంచి రెండేసి సెకన్లు ఏరి అతికించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు చేసిన వీడియోలు మూడు మొదటినుంచి చివరిదాకా చూపించమను. ఒకసారి మ్యూట్‌లో పెట్టి చూడు. చూశాక ఆ సాఫ్ట్‌వేర్ ఎవరికి, ఏ పని చేసిపెడుతుందో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే ఆ ఏజెన్సీకి పని తెలుసు. స్క్రిప్టు ఎవరు రాశారు, యానిమేషన్ ఎవరు చేశారు, వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారా అని అడగడానికి మొహమాటపడకు.

సాఫ్ట్‌వేర్ వీడియోలే ప్రత్యేకంగా చేసేవాళ్లని మొదటి ఫోన్‌కాల్‌లోనే గుర్తుపట్టొచ్చు. డబ్బు కట్టేది ఎవరు, రోజూ వాడేది ఎవరు అని అడుగుతారు. డెమో అకౌంటు ఉందా, తర్వాతి రిలీజు ఎప్పుడు, స్క్రీన్లు ఏవైనా మారబోతున్నాయా అని అడుగుతారు. ఎన్ని నిమిషాలు, ఏ రంగులు అని మాత్రమే అడిగేవాళ్లు మంచి ప్రకటనలు తీసేవాళ్లే కావచ్చు, నీ పనికి మాత్రం సరిపోరు.

ఒకే వీడియోతో అన్నీ సాధించాలని చూడకు. హోమ్‌పేజీలో పెట్టేది 60 నుంచి 90 సెకన్లు. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు చూపించే డెమో రెండు నుంచి ఐదు నిమిషాలు. వాడకం నేర్పేది ఒక్కో పనికి ఒక్కోటి. 2008లో, ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే డ్రాప్‌బాక్స్ వాళ్లు పెట్టిన చిన్న డెమో వీడియోతో వాళ్ల బీటా (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్) వెయిటింగ్ లిస్టు రాత్రికి రాత్రే 5,000 నుంచి 75,000కి పెరిగింది. అందులో గ్రాఫిక్సు గొప్పలేమీ లేవు. స్క్రీన్ రికార్డింగు, వెనక కంపెనీ పెట్టిన డ్రూ హ్యూస్టన్ మాట, అంతే. అది డిగ్ అనే టెక్నాలజీ వార్తల సైట్ చదివేవాళ్ల కోసం తీసింది, వాళ్లకు మాత్రమే అర్థమయ్యే చమత్కారాలు అందులో దాచి పెట్టారు. ఎవరితో మాట్లాడుతున్నామో వాళ్లకు ముందే తెలుసు. ఏజెన్సీకి పంపే బ్రీఫ్‌లో, అంటే నీకేం కావాలో చెప్పే కాగితంలో, నువ్వు రాయాల్సిన మొదటి వాక్యం కూడా అదే.

స్క్రిప్టు దగ్గర తొందరపడకు. ఇంగ్లీషు వ్యాఖ్యానం నిమిషానికి 130 నుంచి 150 మాటలు నడుస్తుంది, అంటే 90 సెకన్లకు 200 చిల్లర. తెలుగులో మాటలు అతుక్కుని పొడుగవుతాయి కాబట్టి ఆ లెక్క పనికిరాదు. గడియారం పెట్టుకుని బయటికి చదువు. ఊపిరి అందకపోతే రెండు వాక్యాలు కొట్టేయి. ఇంకో భాషలోకి మార్చే ఆలోచన ఉంటే ఇప్పుడే కాస్త ఖాళీ వదిలిపెట్టు, అనువాదంలో నిడివి మారిపోతుంది.

పని వరస ఇలా ఉంటుంది: స్క్రిప్టు, స్టోరీబోర్డు (షాటు షాటుకీ గీసిన బొమ్మలు), స్టైల్ ఫ్రేములు (చివరికి ఎలా కనిపిస్తుందో చూపే ఒకటి రెండు బొమ్మలు), తాత్కాలిక గొంతుతో యానిమాటిక్ (ఆ కదలని బొమ్మల్నే గొంతుకి తగ్గట్టు పేర్చిన కచ్చా వీడియో), అసలు గొంతు రికార్డింగు, యానిమేషన్, సౌండ్. ఏ మెట్టు దగ్గర మార్పు చెబుతావన్నదాన్ని బట్టే ఖర్చు. స్క్రిప్టులో ఒక వాక్యం మార్చడం ఐదు నిమిషాల పని. యానిమేషన్ అయ్యాక అదే వాక్యం మార్చాలంటే గొంతు మళ్లీ రికార్డు చేయాలి, దాని నిడివి మారుతుంది, ఆ తర్వాతి కదలికలన్నీ జరపాలి, సంగీతం మళ్లీ కోయాలి. అందుకని యానిమాటిక్ దగ్గర మొండిగా కూర్చో. బొమ్మలు కదలకపోయినా లయ అంతా అక్కడ తెలుస్తుంది, ఎక్కడ విసుగొస్తుందో కూడా అక్కడే దొరుకుతుంది.

మీ వైపునుంచి అభిప్రాయం చెప్పేది ఒక్కరే ఉండాలి. మీ ఐదుగురూ తలో మెయిల్ పెడితే ఏజెన్సీ ఐదుగురికీ నచ్చేలా చేయబోయి ఎవరికీ నచ్చనిది చేస్తుంది. అందరి మాటలూ ఒకచోట చేర్చు, సెకను అంకె వేసి పంపు: "0:42 దగ్గర కర్సర్ బటన్ చేరకముందే క్లిక్ శబ్దం వస్తోంది". "ఇంకాస్త ఊపు కావాలి" లాంటి మాటతో వాళ్లు ఏమీ చేయలేరు. ఒక్కో మెట్టుకు రెండు రౌండ్ల మార్పులు మామూలు. రౌండ్ అంటే ఒకేసారి పంపే జాబితా అని ఒప్పందంలో రాయించు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టకుండా చేసిన సంగతి. మా పాత కంపెనీలో జరిగిన తప్పు ఇది, ఇందులో ఒక్క ముక్క కూడా వదలకుండా చదువు.

ఒప్పందంలో "తుది వీడియో, ఒక ఫైలు" అని ఉంది. వాళ్లు అదే ఇచ్చారు, ఒక ఎంపీ4. వీడియో బాగుంది, ఎవరూ ఏమీ అనలేదు. ఏడాది తిరిగాక సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ పేరు మారింది, ఎడమ పక్క మెనూ పైకి వెళ్లింది. వీడియోలో అవి కనిపించేది నాలుగు షాట్లలో, మొత్తం 11 సెకన్లు. ఆ 11 సెకన్లూ మార్చలేకపోయాం.

ఎందుకో ఒక్కొక్కటే చూడు. కొత్త బటన్ బొమ్మను పాతదాని మీద అతికిద్దామంటే ఆ షాట్‌లో కెమెరా నెమ్మదిగా దగ్గరికి జరుగుతుంది, కాబట్టి అతుకు ప్రతి ఫ్రేములో జారిపోయింది. కర్సర్ బటన్ మీదకి వచ్చేసరికి అతుకు కిందకి పోయి మాయమైంది. పాత పేరు గొంతులో కూడా ఉంది. గొంతు, సంగీతం, క్లిక్ శబ్దాలు అన్నీ ఒకే ట్రాక్‌లో కలిసిపోయి ఉన్నాయి. ఒక్క మాట తీస్తే దాంతోపాటు సంగీతమూ తెగింది. అదే గొంతుతో మళ్లీ చదివిద్దామంటే ఆ కళాకారిణితో ఏజెన్సీ ఒప్పందం ఒక్క సంవత్సరానికి, అదీ వెబ్‌సైటులో వాడకానికి మాత్రమే. అదే వీడియోని మావాళ్లు అప్పటికే ప్రకటనగా నడుపుతున్నారు. సంగీతం లైసెన్సు కూడా ఏజెన్సీ పేరు మీదే ఉంది. యూట్యూబ్‌లో కాంటెంట్ ఐడీ క్లెయిము (ఈ సంగీతం మాది అని హక్కుదారుల తరఫున వచ్చే అభ్యంతరం) వచ్చినప్పుడు చూపించడానికి మన చేతిలో ఒక్క కాగితం లేదు. చివరికి 11 సెకన్ల కోసం 90 సెకన్లూ మొదటినుంచి చేయించాల్సి వచ్చింది.

ఏజెన్సీ మోసం చేయలేదమ్మా. అడిగింది ఇచ్చింది. అడగాల్సింది అడగకపోవడమే తప్పు. సినిమా అయితే విడుదలయ్యాక మారదు. సాఫ్ట్‌వేర్ అలా కాదు, నెలనెలా మారుతుంది. రేపు మార్చుకునే వీలు కూడా ఇవాళే కొనుక్కోవాలి.

కాబట్టి ఒప్పందంలో ఇవి రాయించు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే ప్రాజెక్టు ఫైలు (వీడియోని మళ్లీ తెరిచి మార్చుకోగలిగే అసలు ఫైలు) "కలెక్ట్ ఫైల్స్" చేసి ఇవ్వాలి, అప్పుడే లోపల వాడిన బొమ్మలు, క్లిప్పులు అన్నీ ఒకే ఫోల్డరులోకి వస్తాయి. ఫాంట్లు, ప్లగిన్లు మాత్రం అందులో రావు, రిపోర్టులో వాటి పేర్లు వస్తాయి. ఆ రిపోర్టు దాచుకో. సాఫ్ట్‌వేర్ స్క్రీన్లు ఒక్కొక్కటీ విడి కంపోజిషన్‌గా, అంటే ప్రాజెక్టులో విడి ముక్కగా, ఉండాలి, ఒక్కచోట మారిస్తే అన్ని షాట్లలోనూ మారేలా. గొంతు, సంగీతం, శబ్దాలు మూడూ వేర్వేరు వేవ్ ఫైళ్లుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో. తెరమీద అక్షరాలు లేని వెర్షన్ ఒకటి, ఇంకో భాషకు అదే ఆధారం. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లో మాస్టరు, అంటే మిగతా కాపీలకు మూలమైన ఫైలు. గొంతుకి, సంగీతానికి, స్టాక్ క్లిప్పులకి లైసెన్సు ఎవరి పేరు మీద, ఎన్నాళ్లు, ఎక్కడెక్కడ, డబ్బు కట్టి నడిపే ప్రకటనలకు చెల్లుతుందా అన్నది రాతలో ఉండాలి. కంప్యూటర్ గొంతు వాడితే ఆ సర్వీసు వ్యాపార వాడకానికి ఒప్పుకుంటుందో లేదో అదీ రాయించు. వీడియో మీద హక్కులు నీకు బదిలీ అవుతున్నాయని విడిగా ఒక వాక్యం ఉండాలి. డబ్బు ఇచ్చినంత మాత్రాన ప్రతి దేశంలోనూ హక్కులు వాటంతట అవే రావు.

ప్రాజెక్టు ఫైళ్లు ఇవ్వబోమని కొన్ని ఏజెన్సీలవాళ్లు అంటారు, కొందరు అదనంగా డబ్బు అడుగుతారు. అది అన్యాయమేమీ కాదు, అందులో వాళ్లు ఏళ్లుగా తయారుచేసుకున్న పనితనం ఉంటుంది. ధర కుదిరితే తీసుకో. కుదరకపోతే రెండేళ్లపాటు చిన్న మార్పులకు ఎంత, ఎన్ని రోజుల్లో చేస్తారు అన్నది ఇప్పుడే కాగితం మీద పెట్టించు. వీడియో అయిపోయాక అడిగితే బేరమాడే అవకాశం ఉండదు.

ఫైళ్లు చేతికొచ్చాక కూడా పని కాలేదు. ప్రాజెక్టును ఇంకో కంప్యూటర్‌లో తెరిపించు. ఏ బొమ్మైనా దొరక్కపోతే ఆ చోట రంగుల చారలు కనిపిస్తాయి. ఒక్క చార కనిపించినా చివరి చెల్లింపు ఆపు. సంతకానికి 40 శాతం, యానిమాటిక్ ఒప్పుకున్నాక 30, ఫైళ్లు తెరిచి చూశాక 30. ఈ వరస నాకు నచ్చుతుంది.

స్క్రీన్ రికార్డింగు గురించి కూడా చెప్పాలి, సాఫ్ట్‌వేర్ వీడియోలు చాలావరకు పాడయ్యేది అక్కడే. 1920×1080 ఫ్రేములో 14 పిక్సెళ్ల అక్షరం నీ మానిటర్ మీద బాగానే కనిపిస్తుంది. ఫోన్ నిలువుగా పట్టుకుంటే వీడియో వెడల్పు ఆరున్నర సెంటీమీటర్లు. ఆ అక్షరం ఎత్తు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే స్క్రీన్ మొత్తం చూపించడం మానేసి ఆ క్షణానికి కావలసిన మూల మాత్రమే మూడింతలు దగ్గరగా చూపించమను. 3840×2160లో రికార్డు చేస్తే రెండింతలు దగ్గరికి వెళ్లినా మసకబారదు, అంతకు మించి కావాలంటే బ్రౌజరు జూమ్ పెంచి రికార్డు చేయాలి. సన్నని ఎర్ర అక్షరాలు వద్దు. మామూలు వీడియో కుదింపులో రంగు వివరం వెలుగు వివరంలో నాలుగో వంతే మిగులుతుంది, అంచులు చెదిరిపోతాయి.

అన్నిటికంటే నాకు భయం డేటా గురించి. నీ అసలు అకౌంటుతో రికార్డు చేయనివ్వకు. ఒక కస్టమరు మెయిల్ అడ్రసు, అడ్రస్ బారులో ఒక టోకెన్ (అకౌంటులోకి తాళంచెవిలా పనిచేసే కోడు), మూలన మెరిసి మాయమైన నోటిఫికేషన్... వీటిలో ఏ ఒక్కటి అర సెకను కనిపించినా చాలు, చూసేవాళ్లు వీడియో ఆపి చదవగలరు. విడిగా డెమో అకౌంటు, కొత్త బ్రౌజర్ ప్రొఫైలు పెట్టించు. మెయిల్ అడ్రసులన్నీ ఎగ్జాంపుల్ డాట్ కామ్‌తో రాయించు. ఉదాహరణల కోసమే 1999లో ఆ డొమైన్‌ను పక్కన పెట్టారు, అది ఎవరిదీ కాదు. పేర్లూ అంకెలూ కల్పించినవైనా నమ్మేలా ఉండాలి, "టెస్ట్ 123" లాంటివి చూస్తే ఎవరికీ నమ్మకం కుదరదు. రికార్డింగు అయ్యాక నువ్వే కూర్చుని స్క్రీన్ కనిపించే ప్రతి షాట్‌నూ ఆపి ఆపి చూడు. ఈ పని ఇంకెవరికీ అప్పగించకు.

90 సెకన్ల యానిమేషన్‌కి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అందులో నీ ఆమోదాల కోసం ఆగే రోజులు చాలానే ఉంటాయి. రిలీజు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టు, యానిమేషన్ మొదలయ్యాక ఆ స్క్రీన్లు మారవని మీ ఇంజనీర్ల దగ్గర మాట తీసుకో.

సబ్‌టైటిళ్లు వీడియోలోనే ముద్రించి వదిలేయకుండా విడిగా ఎస్ఆర్‌టీ ఫైలుగా (మాటలు, అవి వచ్చే సమయాలు మాత్రమే ఉండే ఫైలు) కూడా అడుగు. చెవి వినిపించనివాళ్లకు అదే దారి, బస్సులో ధ్వని తగ్గించుకుని చూసేవాళ్లకూ అదే. నిలువు వెర్షన్ కావాలంటే 1080×1920కి స్టోరీబోర్డు నాడే చెప్పు, తర్వాత అంచులు కోసి చేస్తే బటన్లు తెగిపోతాయి. యూట్యూబ్‌లోకి నీ ఛానల్ నుంచే ఎక్కించు, వాళ్ల ఛానల్ నుంచి వద్దు. అక్కడ ఒకసారి పెట్టిన వీడియోని అదే లింకులో మార్చడం కుదరదు, కాబట్టి మొదటిసారే సరిగ్గా చూసుకుని పెట్టు.

చాలా రాశాను. నువ్వు చిన్నపిల్లవేం కాదు, నాకు తెలుసు. ఎదుటివాళ్లు నవ్వుతూ మాట్లాడితే కాగితం చదవకుండా సరే అనేస్తావు, అదీ తెలుసు. ఆ రెండు పేజీలూ నాకు పంపు. "డెలివరబుల్స్" (వాళ్లు నీ చేతికి ఇవ్వాల్సినవి) అన్న చోట ఏముందో ముందు అది చూస్తాను, ఏం చేర్చాలో పెన్సిలుతో రాసి మర్నాటికల్లా తిరిగి పంపిస్తాను. అడ్వాన్సు ఒక వారం ఆలస్యమైతే వాళ్లేమీ అనుకోరు.

వీడియో తయారయ్యాక మొదట నాకే చూపించాలి, మ్యూట్‌లో.

మీ మామయ్య