మోకాలు మార్పిడి: మత్తు దిగకముందే మాత్ర పడాలి

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ పొగాకు బ్యారన్ల దగ్గర కూలి పని. వచ్చే నెల ఒంగోలులో కుడి మోకాలు మార్పిడి చేయాలన్నారు. షుగర్ ఉంది, నడుము పట్టేసి వంగలేదు. మా వీధిలో ఒకావిడ ఇదే ఆపరేషన్ చేయించుకుని రాత్రంతా అరిచిందని విని, అమ్మ ఇప్పుడు వద్దంటోంది. తొడ దగ్గర నరానికి మత్తు ఇస్తారట. కాలు పడిపోదా?
- ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: కాలు పడిపోదమ్మా. నరానికి శాశ్వతంగా దెబ్బ తగలడం చాలా అరుదు. మత్తు డాక్టరుగా ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురవుతుంది, అందుకే ముందు ఆ భయం తీరుస్తున్నాను.

మొదటి రాత్రి ఎందుకంత కష్టమవుతుందో చెబుతాను. ఆపరేషన్‌కు మామూలుగా వెన్నులో మత్తు ఇస్తాం. అది కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఎముక కోసి కొత్త కీలు బిగించిన నొప్పి అప్పుడు ఒక్కసారిగా పైకొస్తుంది. ఆ గంటకు వేరే ఏర్పాటు లేకపోతే ఎవరైనా అరుస్తారు.

మీరు విన్న ఇంజెక్షన్ ఆ ఏర్పాటులో ఒక భాగం. స్కానింగ్‌లో నరాన్ని చూస్తూ, తొడ మధ్యలో లోపలి వైపు మందు వదులుతాం. దీన్ని అడక్టర్ కెనాల్ బ్లాక్ అంటారు. ఇదివరకు గజ్జ దగ్గర ఫెమోరల్ నరానికి ఎక్కువగా ఇచ్చేవాళ్లు. దాంతో నొప్పి తగ్గేది కానీ తొడ కండ బలం కూడా పోయి, లేచి నిలబడితే మోకాలు మడత పడేది. కొంచెం కిందికి ఇస్తే ఆ బలం చాలావరకు నిలుస్తుంది, వాకర్ పట్టుకుని త్వరగా నిలబడొచ్చు. ఒక్కసారి ఇస్తే సుమారు 12 నుంచి 24 గంటలు పనిచేస్తుంది. సన్నటి గొట్టం పెట్టి రెండు మూడు రోజులు మందు పంపే పద్ధతీ ఉంది.

ఇది మోకాలి ముందు భాగానికే బాగా పనిచేస్తుంది. వెనక వైపు నొప్పికి, కుట్లు వేసేముందు సర్జనే కీలు చుట్టూ మందు ఎక్కిస్తారు. రోపివకైన్, కీటోరొలాక్, ఎడ్రినలిన్ కలిపి ఇచ్చే ఈ పద్ధతిని సిడ్నీలో కెర్, కోహన్ అనే డాక్టర్లు రూపొందించి 2008లో ప్రచురించారు. ఈ రెండూ చేస్తారా అని మీ డాక్టర్లను అడగండి. అడగడం మీ హక్కు.

మత్తు దిగే వేళకు కడుపులో మాత్ర ఉండాలి. అమ్మ హాయిగా పడుకుంది కదా అని రాత్రి డోసు మానేస్తే, తెల్లవారుజామున నొప్పి విరుచుకుపడుతుంది. పారాసిటమాల్ గంటల ప్రకారం ఇవ్వాలి. ఎంత మోతాదో వాళ్లే రాసిస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీ పరీక్ష చూశాకే మిగతా నొప్పి మాత్రలు.

ఇక నడుము సంగతి. మీరు రాసిన లేఖలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మీ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానివల్ల ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ అనే జబ్బును అప్పటి నెల్లూరు జిల్లాలో 1937 నాటికే గుర్తించారు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వెన్నెముక చుట్టూ కణజాలం గట్టిపడి, సూది లోపలికి దిగడం కష్టమవుతుంది. అలాంటప్పుడు పూర్తి మత్తు ఇచ్చి, దానికి తోడు ఈ బ్లాక్ చేస్తాం. కాబట్టి ఏ ఊరి నీళ్లు తాగి పెరిగిందో, నడుము ఎంత పట్టేసిందో మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. అరికాళ్లలో మంట, తిమ్మిరి ఉన్నా, రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నా చెప్పాలి. ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

బ్లాక్ ఉన్నంతసేపు ఆ కాలికి కాపడం పెట్టొద్దు, బొబ్బలెక్కినా తెలియదు. బాత్రూమ్‌కి ఒంటరిగా పంపొద్దు. మందు ఎక్కించాక పెదాల చుట్టూ జివ్వుమన్నా, చెవుల్లో హోరు వినిపించినా వెంటనే నర్సును పిలవండి.

మరో మాట. పంటి బిగువున భరించడం గొప్ప అని మన అమ్మలకు నేర్పేశారు. నొప్పిగా ఉందా అంటే పర్లేదనే అంటారు. మీరు అలా అడగకుండా, "కాలు పైకెత్తమ్మా, మోకాలు మడవమ్మా" అనండి. చేయలేకపోతే నొప్పి ఉన్నట్టే, డాక్టరుకు చెప్పండి. నొప్పి అసలే ఉండదని మాత్రం అమ్మకు మాట ఇవ్వకండి. నడిచేటప్పుడు, వ్యాయామం చేసేటప్పుడు కొన్ని వారాలు ఉంటుంది.

ప్రశ్న: నాన్నకు మోకాలు మార్పిడి అయి పది రోజులైంది. రాత్రి నిద్ర పట్టడం లేదు. మాత్రలు అలవాటవుతాయని వేసుకోవడం లేదు.
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: రాసిచ్చిన కొద్ది రోజులు పారాసిటమాల్ వేసుకుంటే అలవాటు కాదు. ట్రమడాల్ లాంటి బలమైన నొప్పి మాత్రలు మాత్రం డాక్టరు చెప్పిన రోజుకి ఆపాలి. వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు మాత్ర వేసుకోమనండి. తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. మోకాలి కింద దిండు పెడితే కాలు వంగిపోయి అలాగే బిగుసుకుంటుంది, మడమ కింద పెట్టండి. పిక్క వాచి నొప్పి పెడుతున్నా, జ్వరం వచ్చినా, కట్టు తడుస్తున్నా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించండి. ఆయాసం వస్తే మాత్రం క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.