68 సగటు అంటే ఇంకా ఎనిమిదేళ్లేనా?

ప్రశ్న: మాది చెన్నై, విల్లివాక్కం. మావారికి 60, నాకు 55. ఆయన ఈ నెలలోనే రిటైరవుతున్నారు. మన దేశంలో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 68 అని చదివాను. అంటే ఆయనకి మిగిలింది ఎనిమిదేళ్లేనా? ఆడవాళ్లు ఎక్కువ కాలం బతకడం అన్ని దేశాల్లోనూ ఉన్నదేనా? పెన్షన్ ప్లాన్‌కి ఏ లెక్క చూసుకోవాలి?

జవాబు: ఎనిమిదేళ్లు కాదమ్మా, నిశ్చింతగా ఉండండి. 2016-20 శాంపిల్ రిజిస్ట్రేషన్ (జనన మరణాల మీద ప్రభుత్వం చేసే నమూనా సర్వే) లెక్కల్లో మగవాళ్లకి 68.6, ఆడవాళ్లకి 71.4 ఏళ్లు. అది అప్పుడే పుట్టిన బిడ్డకి వేసే అంచనా. పసితనంలో పోయినవాళ్లు, ఇరవైల్లో బండి ప్రమాదాల్లో పోయినవాళ్లు కలిసి ఆ సగటుని కిందికి లాగుతారు. మీవారు ఆ గండాలన్నీ దాటేశారు. అరవై నిండిన మగవాడికి మన దేశంలో సగటున ఇంకో 17-18 ఏళ్లున్నాయి. మీ వయసు స్త్రీకి సుమారు 23.

ఇప్పుడు దాదాపు అన్ని దేశాల్లోనూ ఆడవాళ్లదే పైచేయి. తేడా మాత్రం ఒక్కలా లేదు. జపాన్‌లో ఆడవాళ్లు 87, మగవాళ్లు 81 వరకు. రష్యాలో 1994లో మగవాళ్ల సగటు 58కి దిగువన పడితే, ఆడవాళ్లది 71 దగ్గరుంది. హార్మోన్లు, రెండు ఎక్స్ క్రోమోజోములు స్త్రీకి కొంత రక్షణ ఇస్తాయి, నిజమే. అవి ఏ దేశంలోనైనా ఒకటే కదా! రష్యాలో తేడాని అంత పెంచింది ముఖ్యంగా మద్యం, పొగాకు, వాటి వెంట వచ్చే గుండెజబ్బులు, ప్రమాదాలు.

మన దగ్గర 1970-75లో మగవాళ్లకి 50.5, ఆడవాళ్లకి 49. కాన్పు మరణాలు ఒక కారణం. ఆడపిల్లకి తిండి, వైద్యం దగ్గర చూపిన తేడా ఇంకో కారణం. ప్రకృతి ఇచ్చిన ఆయుష్షుని మన ఇళ్లే లాగేసుకున్నాయి. ఎనభైల్లో గానీ ఆడవాళ్ల సగటు మగవాళ్లది దాటలేదు.

ఇక పెన్షన్. 23లోంచి 17-18 తీసేస్తే ఐదారేళ్లు. మీ ఇద్దరి సగటుల మధ్య తేడా అంత, ఆయన తర్వాత మీరు ఒంటరిగా గడపాల్సిన కాలం ఇంకా ఎక్కువే కావచ్చు. సగటు కాబట్టి పది, పదిహేనేళ్లకీ సిద్ధపడాలి. అందుకే మీరు తీసుకోవాల్సింది జాయింట్ లైఫ్ యాన్యుటీ (ఒకేసారి డబ్బు కడితే ఇద్దరిలో ఎవరు బతికున్నా నెలనెలా పెన్షన్ ఇచ్చే ప్లాన్), అదీ భార్యకి నూరు శాతం కొనసాగేది. సింగిల్ లైఫ్‌లో నెలకి కొంచెం ఎక్కువొస్తుంది, చాలామంది అక్కడే ఆశపడతారు. ఆయనతోనే ఆ పెన్షన్ ఆగిపోతుంది. సాధారణంగా ఒకసారి తీసుకున్నాక ఆప్షన్ మార్చరు. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు వచ్చే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ ఉంటే భార్యకి వచ్చేది అందులో సగమే, అది కూడా లెక్కలో పెట్టుకోండి. మామూలు యాన్యుటీ ఏళ్లు గడిచినా పెరగదు. ధరలు మాత్రం పెరుగుతాయి. అందుకని డబ్బంతా అందులోనే పెట్టకండి, కొంత మీ ఇద్దరి పేర డిపాజిట్‌గా ఉంచండి.

సంతకం పెట్టే ముందు ఫారంలో మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే రేపు పెన్షన్ మీ పేరుకి మార్చేటప్పుడు కాగితాలు అక్కడే ఆగుతాయి.