‘లుక్ ఇట్ అప్’ ఒప్పు, ‘లుక్ ఇట్ ఆఫ్టర్’ తప్పు: ఎందుకు?

‘లుక్ ఇట్ అప్’ సరైనదైతే ‘లుక్ ఇట్ ఆఫ్టర్’ ఎందుకు తప్పని అడిగారు కదండీ. ‘లుక్ అప్’ (నిఘంటువు లాంటి వాటిలో వెతకడం)లో అప్ క్రియావిశేషణం, క్రియ నుంచి విడిపోగలదు. అందుకే ‘లుక్ అప్ ద వర్డ్’, ‘లుక్ ద వర్డ్ అప్’ రెండూ సరే. ఇట్, దెమ్ లాంటి సర్వనామమైతే మాత్రం మధ్యలోనే పెట్టాలి. ఆఫ్టర్, ఫర్, ఎట్, ఇంటు ఇక్కడ ప్రిపొజిషన్లు. కర్మ ఎప్పుడూ వాటి తర్వాతే: లుక్ ఆఫ్టర్ హర్ (ఆమెను చూసుకో), లుక్ ఫర్ ఇట్ (దాన్ని వెతుకు).

అసలు చిక్కంతా ఓవర్‌తోనే. ‘లుక్ ఇట్ ఓవర్’ అంటే ఏ రిపోర్టునో ఒకసారి పరిశీలించడం. ‘లుక్ ఓవర్ ఇట్’ అంటే గోడలాంటి దాని మీదుగా అవతలికి చూడడం. ఇట్ చోటు మారితే అర్థమే మారిపోతుంది, దీన్ని బాగా సాధన చేయండి.

‘లుక్ ఫార్వర్డ్ టు’ (ఆశగా ఎదురుచూడడం)లో క్రియావిశేషణం ఫార్వర్డ్, ప్రిపొజిషన్ టు రెండూ ఉన్నాయి కాబట్టి కర్మ చివరే. ఆ టు తర్వాత క్రియ వస్తే ఇంగ్ రూపమే వాడాలి: లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ.